సెయిల్‌డ్రైవ్ ఆయిలు మజ్జిగలా మారితే మార్చాల్సింది ఏ సీలు?

అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. ఇంగ్లండులో హ్యాంబుల్ నదిలో కట్టేసి ఉంచే 34 అడుగుల తెరచాప బోటు, 2001 నాటిది. వోల్వో పెంటా ఎండీ2030 ఇంజను, దాని వెనక 120ఎస్ సెయిల్‌డ్రైవ్, అంటే బోటు అడుగునుంచి నేరుగా నీళ్లలోకి దిగే, చివర ప్రొపెల్లరు ఉండే గేర్ల కాలు (లెగ్). డ్రైవ్ డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం కొలిచే కడ్డీ) తీసి చూస్తే ఆయిలు పాలెక్కువైన కాఫీ రంగులో ఉంది. యార్డులో అడిగితే "సీలు పోయింది, ఇంజను ముందుకు జరపాలి" అన్నారు. నిజంగా అంత పని ఉందా, సొంతంగా చేసుకోవచ్చా అన్నది ప్రశ్న.

ఆయిల్లో నీళ్లు కలిసినంత మాత్రాన ఇంజను జరపక్కర్లేదు. సెయిల్‌డ్రైవ్ విషయంలో "సీలు" అంటే మూడు వేర్వేరు వస్తువులు, ఒకదానితో మరొకదానికి సంబంధం లేదు. మొదటిది ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీళ్లు, రెండు ఉంటాయి. ఈ మూడింటిలో ఇవి పోతేనే డ్రైవ్ ఆయిల్లోకి నీళ్లు వస్తాయి. రెండోది బోటు అడుగున కోసిన పెద్ద రంధ్రానికీ డ్రైవ్‌కీ మధ్య ఉండే రబ్బరు డయాఫ్రం. ఇది పోతే నీళ్లు ఆయిల్లోకి రావు, నేరుగా బోటులోకి వస్తాయి. ఇంజను జరపాల్సింది దీన్ని మార్చడానికి. మూడోది బయట అడుగుభాగానికి అతికించిన పలుచని రబ్బరు రెక్క. అది నీళ్లు సాఫీగా జారిపోవడానికి పెట్టింది. సగం ఊడిపోయినా మునిగిపోయేదేమీ లేదు, వేగం కాస్త తగ్గుతుందంతే.

యార్డువాళ్ల మాట పూర్తిగా తప్పని కూడా అనలేం. డయాఫ్రాన్ని ఏడేళ్లకోసారి మార్చమని వోల్వో చెబుతుంది. 2001 బోటుకి అది ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే దాన్నీ మార్చాల్సిందే, బీమా కోసం వచ్చే సర్వేయరు అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. కానీ అది వేరే ఖర్చు, వేరే పని. ఈ మజ్జిగకి మందు మాత్రం అది కాదు.

సీళ్లు విప్పే ముందు నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో తేల్చుకోండి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ఆయిలు తెల్లబడగానే షాఫ్టు సీళ్లు మార్చేస్తారు, నెల తిరిగేసరికి మళ్లీ తెల్లబడుతుంది. లోపలికి దారులు నాలుగు. షాఫ్టు సీళ్లు ఒకటి, లెగ్ అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్గు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు చుట్ట) రెండు, షాఫ్టుని పట్టుకుని ఉండే బేరింగ్ హౌసింగ్ చుట్టూ ఉన్న పెద్ద ఓ-రింగు మూడు. నాలుగోది అన్నిటికన్నా చెడ్డది. ఇంజన్ని చల్లబరిచే సముద్రపు నీళ్లు ఈ లెగ్ లోపలి దారిగుండానే పైకి వెళతాయి. ఆ దారికీ ఆయిలుకీ మధ్య ఉన్న అల్యూమినియం గోడని తుప్పు తినేస్తే ఎన్ని సీళ్లు మార్చినా లాభం లేదు.

తేల్చుకోవడానికి గాలి పరీక్షని మించింది లేదు. బోటు ఒడ్డుకెక్కాక ఆయిలు దించేసి, డ్రెయిన్ ప్లగ్గు మళ్లీ బిగించి, డిప్‌స్టిక్ రంధ్రంలో సరిపోయే అడాప్టరు పెట్టి చేతిపంపుతో 0.3 బార్ గాలి ఎక్కించండి. మామూలు షాఫ్టు సీళ్లు తట్టుకునే హద్దు 0.5 బార్, దాన్ని దాటితే బాగున్న సీలుని కూడా మీరే చెడగొట్టినట్టు. సైకిలు పంపు చాలు, కాకపోతే మీటరు చిన్న అంకెలు చూపించేది కావాలి. 10 బార్ల మీటర్లో 0.3 కంటికి ఆనదు. తర్వాత సబ్బునీళ్లు కుంచెతో పూయండి. షాఫ్టు దగ్గర బుడగలొస్తే సీళ్లు, హౌసింగ్ అంచున వస్తే ఓ-రింగు, అడుగున వస్తే ప్లగ్గు. నీళ్లు పీల్చుకునే రంధ్రాల్లోంచి గాలి వస్తే పనిముట్లు సర్దేసి కొత్త లెగ్ ధర కనుక్కోవడమే.

గాలి పట్టి ఉన్నా సంబరపడకండి. లోపలి నుంచి గాలి తోస్తే సీలు పెదవి (షాఫ్టుని ఆనుకుని ఉండే సన్నని రబ్బరు అంచు) కొన్నిసార్లు షాఫ్టుకి మరింత గట్టిగా అతుక్కుంటుంది. బయటి నుంచి నీళ్లు తోసినప్పుడు అదే పెదవి లేచి దారిస్తుంది. అందుకే వాక్యూమ్ పంపు దొరికితే 0.2 బార్ మేర గాలి పీల్చి కూడా చూడాలి. రెండు పరీక్షల్లోనూ షాఫ్టుని చేత్తో నెమ్మదిగా తిప్పుతూ ఉండండి. ఒక్క చోట నిలిచి ఉన్నప్పుడు పట్టేసి, తిప్పగానే వదిలేసే సీళ్లు చాలానే.

ఆయిలు బయటికి కారకుండా నీళ్లే లోపలికి ఎందుకొస్తాయన్న అనుమానం ఈ పని చేసే ప్రతివాళ్లకీ వస్తుంది. షాఫ్టు నీటిమట్టానికి అర మీటరు లోతున ఉందనుకుంటే బయటి నుంచి తోసే ఒత్తిడి 0.05 బార్. లోపల డిప్‌స్టిక్ దాకా నిండిన ఆయిలు కూడా దాదాపు అంతే ఒత్తిడితో ఎదురు తోస్తుంది. అంటే రెండు వైపులా ఇంచుమించు సమానం. ఇంజను రెండు గంటలు నడిచి ఆగిందంటే వేడెక్కిన ఆయిలు చల్లారుతూ కుంచించుకుంటుంది, పైమూత బిగుతుగా ఉంది కాబట్టి లోపల చిన్న పీల్పు పుడుతుంది. ఆ రాత్రి సీలు పెదవి దగ్గర చిన్న గీత ఉన్నా చెంచాడు నీళ్లు లోపలికి పోతాయి. మర్నాడు గేర్లు చిలికేస్తాయి. ఆయిలు మట్టం తగ్గనిస్తే ఎదురు ఒత్తిడి కూడా తగ్గి ఇంకా తొందరగా నీళ్లు దిగుతాయి.

విశాఖ, కాకినాడ హార్బర్లలో మరబోట్లు ఎరిగినవాళ్లకి ఒక మాట. అక్కడ షాఫ్టు వెనక ట్యూబులోంచి పోతుంది, గ్లాండులో గ్రీజు పట్టించిన ప్యాకింగు చుడతారు, బోటు నడిచేటప్పుడు చుక్క చుక్క కారడం మంచిదే, ఆ నీళ్లే ప్యాకింగుని చల్లబరుస్తాయి. ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. సెయిల్‌డ్రైవ్‌లో ఒక్క చుక్క లోపలికొచ్చినా తప్పే, గ్లాండు బిగించినట్టు బిగించడానికి ఇక్కడ ఏమీ ఉండదు.

ఇక సామాను. ఆయిల్ సీళ్లు రెండు, బేరింగ్ హౌసింగ్ ఓ-రింగు, డ్రెయిన్ ప్లగ్గు ఓ-రింగు, కొత్త జింక్ ఆనోడు రింగు (లెగ్ తుప్పు పట్టకుండా దానికి బదులు తాను అరిగిపోయేది), ప్రొపెల్లర్ నట్టుకి వంచే లాక్ వాషరు ఉంటే అదీ కొత్తది. 120ఎస్‌కి ఆయిలు సుమారు 2.5 లీటర్లు, మామూలు ఇంజను ఆయిలే, 15డబ్ల్యూ-40. కడగడానికి పోయేది కూడా కలుపుకుని 8 లీటర్లు తెచ్చుకోండి. వేరే మోడళ్లకి గేర్ ఆయిలు పోయాల్సి ఉంటుంది, ఏది పోయాలో మీ డ్రైవ్ పుస్తకంలోనే చూడాలి. పక్క బోటాయన చెప్పింది ఆయన డ్రైవ్‌కి నిజం.

కంపెనీ సీలు కొనాలా, బేరింగుల కొట్లో కొనాలా అన్నదానికి నా జవాబు: కొట్లో కొనొచ్చు, కానీ ఏం కొంటున్నారో తెలిసి కొనండి. పాత సీలు మీద మూడు అంకెలుంటాయి, షాఫ్టు వ్యాసం, బయటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. ఆ మూడూ కలిస్తే సీలు సరిపోతుంది, నిలబడుతుందని మాత్రం కాదు. పెదవి వెనక సన్నని స్ప్రింగు ఒకటి చుట్టుకుని ఉంటుంది, పెదవిని షాఫ్టుకి అదిమి పట్టేది అదే. మామూలు సీళ్లలో అది సాదా ఉక్కు. ఉప్పునీళ్లలో ఒక్క సీజనుకే తుప్పు పట్టి తెగిపోతుంది, సీలు చూడ్డానికి కొత్తగానే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. స్టెయిన్‌లెస్ స్ప్రింగు అని అడిగి తీసుకోండి. బయటి అంచు కూడా రబ్బరు పూత ఉన్నదే కావాలి, ఒట్టి ఇనుప అంచు అల్యూమినియంలో కూర్చుంటే ఆ రెంటి మధ్యా తుప్పు మొదలవుతుంది. రబ్బరు నైట్రైలైతే చాలు, వేడిని బాగా తట్టుకునే వైటాన్ రబ్బరుకి ఎక్కువ డబ్బు పెట్టడం ఇక్కడ దండగ, ఈ ఆయిలు అంత వేడెక్కదు.

బోటు ఎత్తాక, గాలి పరీక్షకి ముందే, అడుగున డ్రెయిన్ ప్లగ్గు విప్పండి. పారదర్శకంగా ఉండే డబ్బాలో పట్టి ఒక పక్కన పెట్టండి. మొదట ఉత్త నీళ్లు వచ్చి తర్వాత ఆయిలు వస్తే నీళ్లు ఎప్పటినుంచో అడుగున నిలిచి ఉన్నాయని అర్థం, బేరింగులు కూడా చూడాల్సి ఉంటుంది. వేళ్లతో రుద్ది చూడండి. బూడిదరంగు మెత్తని పేస్టు మామూలే. గోరుకి తగిలే పెచ్చులు, ముక్కలు ఉంటే గేర్లు చెడుతున్నట్టు, ఆ పని సీళ్లతో తీరదు.

ప్రొపెల్లరు, ఆనోడు, ఇన్సులేటింగు బుష్షులు తీసేశాక షాఫ్టు మొదట్లో చూడండి. నూటికి తొంభై సార్లని లెక్క కట్టి చెప్పలేను గానీ, పోయిన సీళ్ల వెనక ఎక్కువగా దొరికేది గాలం తాడే. హ్యాంబుల్ నది కలిసే సోలెంట్ జలసంధిలో వేసవంతా మాకరెల్ చేపలకి గాలాలు వేస్తారు, తెగిన నైలాన్ తీగ ప్రొపెల్లరుకి చుట్టుకుని ఆనోడు వెనక్కి దూరి, వేడికి కరిగి, గట్టి నల్లటి ఉంగరంలా బిగుసుకుంటుంది. చూస్తే ప్లాస్టిక్ వాషరు అనుకుంటారు. కత్తితో గీస్తే పోగులు పోగులుగా విడుతుంది. అది దొరికిందంటే కారణం దొరికినట్టే. దొరకకపోతే షాఫ్టు మీద గాడి కోసం చూడాలి.

120ఎస్‌లో ఆనోడు వెనక బేరింగ్ హౌసింగ్‌ని పట్టి ఉంచేవి రెండు ఆలెన్ బోల్టులు. అవి తీస్తే హౌసింగ్, షాఫ్టు, దాని చివరి గేరు అన్నీ కలిసి ఒక ముద్దగా బయటికి రావాలి. రావు. అల్యూమినియం బూజు పట్టి బిగుసుకుని ఉంటుంది. స్క్రూడ్రైవరు దూర్చి తన్నితే అంచు చెడి, కొత్త ఓ-రింగు కూడా కారుతుంది. స్లైడింగు సుత్తి (కడ్డీ మీద జారే బరువుతో కొట్టి బయటికి లాగే పనిముట్టు) ఉంటే సరే, లేకపోతే ప్రొపెల్లర్నే వాడుకుంటారు. షాఫ్టు మీద వదులుగా ఎక్కించి, చివర నట్టు నాలుగు మరలు పట్టేలా పెట్టి, ప్రొపెల్లర్ని రెండు చేతులతో మీవైపు జారలాగి నట్టుకి తగిలేలా కొట్టండి. మధ్యలో చెక్కముక్కో దళసరి రబ్బరో పెట్టడం మరవకండి. పది దెబ్బలకి కదలకపోతే వేడినీళ్ల గుడ్డ చుట్టి మళ్లీ కొట్టండి. గ్యాస్ మంట వద్దు, లోపల రబ్బరుంది, చుట్టూ ఫైబరుగ్లాసు ఉంది. బయటికొచ్చేటప్పుడు హౌసింగ్ వెనక పలుచని షిమ్ములు (రేకు వాషర్లు) ఉంటే ఎన్ని, ఏ వరసలో ఉన్నాయో అలాగే దారం కట్టి పెట్టండి. గేర్ల మధ్య సందు ఆ షిమ్ముల మీదే ఆధారపడి ఉంటుంది. ఒక్కటి పోయినా డ్రైవ్ రొద మొదలవుతుంది.

షాఫ్టుని హౌసింగ్ నుంచి విడదీయాలంటే ప్రెస్సు కావాలి. సీళ్ల కోసం ఆ పని అక్కర్లేదు, బయటి వైపు నుంచే తీయొచ్చు. ముందు ఫోటో తీసుకోండి, పెదవులు ఎటు తిరిగి ఉన్నాయో, హౌసింగ్ అంచు నుంచి సీలు ఎంత లోతున ఉందో కొలత కూడా రాసుకోండి. తర్వాత సీలు ముఖం మీద, షాఫ్టుకీ బయటి అంచుకీ సరిగ్గా మధ్యలో, ఎదురెదురుగా రెండు చిన్న రంధ్రాలు 2 మిల్లీమీటర్ల బిట్టుతో వేయండి. బిట్టుకి టేపు చుట్టుకుంటే లోతు ఎక్కువ దిగదు. ఆ రంధ్రాల్లో చెక్క స్క్రూలు రెండేసి చుట్లు తిప్పి, పటకారుతో ఒకసారి దీన్నీ ఒకసారి దాన్నీ లాగుతూ ఉంటే సీలు వంకరటింకరగా బయటికొస్తుంది. బిట్టు షాఫ్టుకి తగిలి ఒక్క గీత పడిందంటే పాత సీలుకన్నా కొత్త సీలు ఎక్కువ కారుతుంది.

ఇప్పుడు షాఫ్టు శుభ్రంగా తుడిచి, పెదవి రాసుకున్న చోట గోరు అడ్డంగా లాగండి. గోరు ఆగితే గాడి పడినట్టు. కొత్త సీలుని పాత సీలున్న చోటే దించితే దాని పెదవి సరిగ్గా అదే గాడిలో కూర్చుంటుంది, వారం రోజులు బాగుండి తర్వాత కారుతుంది. సీలు నాసిరకమని తిట్టుకుంటారు. హౌసింగ్‌లో చోటుంటే సీలుని 1 లేదా 2 మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవి గాడి పక్కన ఆనేలా చూసుకోవాలి. చోటు లేకపోతే పలుచని స్టెయిన్‌లెస్ తొడుగు ఎక్కించాలి. బేరింగుల కంపెనీ ఎస్‌కేఎఫ్ అమ్మే స్పీడీ-స్లీవ్ ఇందుకే, గోడ మందం పావు మిల్లీమీటరు పైచిలుకు కాబట్టి సీలు సైజు మార్చక్కర్లేదు. ఎమరీ కాగితంతో గాడి అరగదీయడం మాత్రం చేయకండి, ఆ గీతలే స్క్రూ మరల్లా పనిచేసి నీళ్లని లోపలికి లాగుతాయి.

పెదవులు ఎటు ఉండాలన్న వాదన ఎప్పటికీ తెగదు. సూత్రం తేలిక: స్ప్రింగు కనిపించే వైపు ఏది ఉంటే సీలు దాన్ని ఆపుతుంది. ఆయిలుకి ఎదురుగా పెడితే ఆయిలు, నీళ్లకి ఎదురుగా పెడితే నీళ్లు. రెండు సీళ్లూ ఏ డ్రైవ్‌లో ఎలా ఉండాలో వర్క్‌షాప్ పుస్తకం బొమ్మ చూసే వేయాలి. పాతవి ఎలా ఉన్నాయో అలాగే వేస్తే, అంతకుముందువాడి తప్పు కూడా మీరు మళ్లీ చేసినట్టవుతుంది. ఫోటో తీసుకోమన్నది పుస్తకంతో పోల్చుకోవడానికి, గుడ్డిగా నకలు చేయడానికి కాదు.

బిగించేటప్పుడు చెడే చోటు షాఫ్టు మీది పళ్లు, మరలు. సీలు పెదవి వాటి మీదుగా జారిందంటే కంటికి కనపడని కోత పడుతుంది. కూల్‌డ్రింక్ బాటిలు పలుచని ప్లాస్టిక్ ముక్క కోసి, గొట్టంలా చుట్టి, పళ్లని కప్పేలా షాఫ్టు మీద తొడిగి, దానికి గ్రీజు రాసి సీలు దాని మీదుగా జార్చండి. పెదవికి కూడా గ్రీజు ఉండాలి, ఎండిన పెదవి మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. బయటి అంచుకి కాస్త ఆయిలు చాలు. సీలు వ్యాసానికి దగ్గరగా ఉన్న పీవీసీ పైపు ముక్క చివర చదునుగా కోసి, దాంతో నిటారుగా, చుట్టూ సమానంగా తట్టుతూ దించండి. ఒక పక్క ముందు దిగితే తీసి కొత్తది వేయడమే, వంగిన సీలు నిలబడదు. మొదటి సీలు దిగాక రెంటి మధ్య సందులో నీళ్లకి కరగని మెరైన్ గ్రీజు దట్టంగా నింపి రెండోది దించండి. హౌసింగ్ ఓ-రింగు మార్చి, బోల్టులు పుస్తకంలో చెప్పిన టార్క్‌కి బిగించి, మళ్లీ గాలి పరీక్ష చేయండి. 0.3 బార్ 20 నిమిషాలు కదలకుండా ఉంటే ఆయిలు పోయొచ్చు.

ఒక్కసారి పోస్తే చాలదు. గోడలకీ బేరింగులకీ అంటుకున్న తెల్లటి మడ్డి మళ్లీ కలుస్తుంది, సీలు మళ్లీ పోయిందేమోనని మీరే కంగారు పడతారు. చవక ఆయిలు పోసి, షాఫ్టుని చేత్తో బాగా తిప్పి, దించేయండి. రంగు మారకుండా వచ్చేదాకా, మామూలుగా రెండుసార్లు. చివరికి మంచి ఆయిలు పోశాక అరగంట ఆగి మట్టం చూడండి, కాలు పొడవుగా ఉంది కాబట్టి లోపలి గాలి పైకి రావడానికి టైము పడుతుంది. నీళ్లలోకి దించాక ముందుకీ వెనక్కీ గేర్లు వేసి మరోసారి చూడాలి. డిప్‌స్టిక్‌ని మర బిగించి కొలవాలా, ఊరికే ఆనించి కొలవాలా అన్నది మోడలుని బట్టి మారుతుంది. అది తప్పితే మట్టం తప్పుగా కనిపిస్తుంది.

బోటు ఎత్తడానికి ఇప్పుడే వీలు లేకపోతే రెండు దారులున్నాయి. మొదటిది, స్క్రబ్బింగ్ స్తంభాలకి (నీళ్లు తగ్గాక బోటు ఆనుకుని నిలబడేలా ఒడ్డున పాతినవి) ఆనించి ఆటుకి ఒడ్డున కూర్చోబెట్టడం. సీళ్లు అక్కడికక్కడే స్క్రూల పద్ధతిలో మార్చొచ్చు, హౌసింగ్ తీసే సాహసం మాత్రం వద్దు, బిగుసుకుపోతే పోటు మీకోసం ఆగదు. రోజు ఎంచుకోవడంలో జాగ్రత్త. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి పోటు గరిష్ఠం. దానికి రెండు రోజులు ముందు ఎక్కిస్తే తర్వాతి పోట్లు ఇంకా ఎత్తుగా వస్తాయి, బోటు తేలుతుంది. గరిష్ఠం నాడే ఎక్కిస్తే, మర్నాటి నుంచి పోటు తగ్గుతూ పోయి బోటు పదిహేను రోజులు అక్కడే కూర్చుంటుంది. రెండోది, పైనుంచి డిప్‌స్టిక్ రంధ్రంలో సన్నని గొట్టం దించి ఆయిలు పీల్చేసి కొత్తది పోయడం. అడుగున నిలిచిన నీళ్లు పూర్తిగా రావు కాబట్టి ఇది సీజను ముగిసేదాకా నెట్టుకొచ్చే ఉపాయం మాత్రమే. చలికాలం మొత్తం ఆ మజ్జిగతో వదిలేస్తే బేరింగులు తుప్పు పట్టడం ఖాయం. బోటు నీళ్లలో ఉండగా కింది డ్రెయిన్ ప్లగ్గు జోలికి ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లకండి.

ఎలాగూ ఒడ్డున ఉంది కాబట్టి లెగ్ పెయింటు కూడా చూడండి. రాగి ఉన్న యాంటీఫౌలింగు (నాచు, నత్తలు పట్టకుండా వేసే పెయింటు) పూసి ఉంటే గీకేయండి, అల్యూమినియాన్ని అది తినేస్తుంది. బోల్టులకి రాసే రాగి గ్రీజు కూడా అంతే. ఆనోడు సగం అరిగితే మార్చేయాలి. దాని మీద పెయింటు పూసి ఉంటే అది లేనట్టే లెక్క, ఆ సంవత్సరం అరిగేది లెగ్గే.